ఐస్ బకెట్ ఛాలెంజ్ మీద నా అభిప్రాయం మారుతోంది, మిగతా తల్లిదండ్రులు ఏమంటారు?

సాయినగర్ అమ్మ (అనంతపురం)
4 మే 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి ఇంట్లోనే ఉంది. డల్లాస్‌లో చదువుకుంటున్న మా అక్క కూతురు తల మీద ఐసు నీళ్ళు పోసుకుని వీడియో పెట్టి, తర్వాత వంతు నీదే, 24 గంటలు టైం అని మా అమ్మాయి పేరు చెప్పింది. నేను వద్దన్నాను. అనంతపురంలో మే నెలలో ఒక వీడియో కోసం బకెట్ నీళ్ళు పారబోయడమనే మాటే నాకు సహించలేదు. వానలు తక్కువ పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత మన పేరే చెప్తారు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లు. కుళాయి రాని రోజు మా వీధిలో ట్యాంకర్ దగ్గర ఎలా ఉంటుందో ఇక్కడున్న వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

2014లో ఇది మొదటిసారి వచ్చినప్పుడు కూడా నేను స్టాఫ్ రూములో గట్టిగా వ్యతిరేకించాను. దానం చేసేవాడు చేస్తాడు, కెమెరా ఎందుకు, ఇదంతా షో, ఆ డబ్బు ఎవరికీ చేరదు అనేది నా మాట. ఆ ఏడాది తర్వాత దాని సంగతి మళ్ళీ చూడలేదు.

మా అమ్మాయి గొడవ పెట్టుకోలేదు. "నువ్వు లెక్కల టీచర్‌వి కదా, ఎందుకు వద్దో లెక్కతో చెప్పు" అంది. న్యాయంగానే అనిపించి ఇద్దరం కూర్చుని చూశాం.

అప్పటి ఛాలెంజ్ ఏఎల్‌ఎస్ అనే జబ్బు కోసం, నరాల కణాలు చచ్చిపోయి కండరాలు పనిచెయ్యకుండా పోయే జబ్బు అది. 2014 వేసవిలో అమెరికాలోని ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు దాదాపు ఎనిమిది వారాల్లో 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అంతకుముందు ఏడాది జూలై ఆఖరు నుంచి ఆగస్టు ఆఖరు దాకా వాళ్ళకు వచ్చింది 30 లక్షల డాలర్ల లోపే. ప్రపంచం మొత్తం మీద 22 కోట్ల డాలర్లదాకా పోగయ్యాయి. ఇదంతా ఏమైపోయింది అన్నదే నా అసలు అనుమానం. వాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం 11.5 కోట్లలో 7.7 కోట్లు పరిశోధనకు, 2.3 కోట్లు రోగుల సేవలకు, ఒక కోటి అవగాహనకు. విరాళాల సేకరణ ఖర్చులకు 30 లక్షలు, బ్యాంకు, కార్డు ఛార్జీలకు 20 లక్షలు. కూడితే సరిపోయింది. పరిశోధన డబ్బులో 10 లక్షల డాలర్లు 'ప్రాజెక్ట్ మైన్' అనే జన్యు పరిశోధనకు వెళ్ళాయి. 2016లో ఆ పరిశోధకులు నెక్-1 అనే జన్యువుకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని కనుక్కున్నారు.

ఇది చదివాక నేను ఆగిపోయాను. పదకొండేళ్ళుగా నేను చెప్తున్న మాట, ఈ డబ్బు ఎవరికీ చేరదని. చేరింది.

ఇంకో సంగతి కూడా నాకు అప్పటిదాకా తెలియదు. దీన్ని అంతగా వ్యాపింపజేసిన వాళ్ళు సినిమా వాళ్ళు కాదు. బోస్టన్ కాలేజీ బేస్‌బాల్ జట్టు మాజీ కెప్టెన్ పీట్ ఫ్రేట్స్, న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ప్యాట్ క్విన్. ఇద్దరూ అదే జబ్బుతో ఉన్నవాళ్ళు. ఫ్రేట్స్ 2019లో 34 ఏళ్ళకు, క్విన్ 2020లో 37 ఏళ్ళకు చనిపోయారు. రోగులే ముందుండి నడిపిన దాన్ని నేను షో అన్నాను. ఆ మాట ఇప్పుడు నేను అనలేను.

అయితే నా అనుమానాలన్నీ పోలేదు. 24 గంటల గడువు నాకు నచ్చదు, అది పిల్లల మీద ఒత్తిడి. పేర్లు చెప్పి అందరి ముందు నిలబెట్టడం నచ్చదు. డబ్బులేని ఇంటి పిల్ల పేరు చెప్తే ఆ పిల్ల ఏం చెయ్యాలి? ఇక నీళ్ళ సంగతి సరే సరి. మీ పిల్లలు అడిగితే మీరేం చెప్తారో తెలుసుకోవాలని రాస్తున్నాను.

బురుజు పక్క ఇల్లు (కర్నూలు)
4 మే 2025, రాత్రి 10:25

మేడం, మీరు నిజాయితీగా రాశారు కాబట్టి నేనూ అలాగే చెప్తాను. నాకు ఇది ఇప్పటికీ నచ్చదు.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర మా ఊళ్ళోకి వచ్చింది. మా ఇంట్లో కింది గది మొత్తం మునిగింది. నీళ్ళు తీసినాక చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాక్టర్లలో జొన్నరొట్టెలు, చట్నీ, తాగే నీళ్ళు, పాత చీరలు తెచ్చి పంచినారు. ఎవరు పంపినారో మాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కరూ ఫోటో తీసుకోలేదు. మా పిల్లలకు నేను చెప్పే దానం అది.

ఇంకొకటి. ఆ ఛాలెంజ్ అసలు నియమం చూడండి. నీళ్ళన్నా పోసుకో, లేదంటే 100 డాలర్లన్నా ఇవ్వు. అంటే ఇవ్వకుండా తప్పించుకోడానికే నీళ్ళు. పోసుకున్న వాళ్ళలో ఎంతమంది ఒక్క రూపాయి ఇచ్చారు?

మైదుకూరు పెద్దాయన (కడప జిల్లా)
5 మే 2025, ఉదయం 6:10

కర్నూలు తమ్ముడు చెప్పిన వరద రోజులు నాకూ తెలుసు. మా ఊరి నుంచి కూడా బియ్యం పోయింది. ఆయన బాధ అర్థమైంది. అయినా పేరు లేకుండా ఇచ్చిందే దానం, పేరుతో ఇచ్చింది కాదు అంటే మన సీమలో సగం గుళ్ళు, సగం చలివేంద్రాలు లెక్కలోకి రావు. గుడిలో ఫ్యాను రెక్క మీద కూడా దాత పేరు ఉంటుంది. బడి గోడ మీద, బావి గట్టు మీద, బండ మీద చెక్కించిన పేర్లు చూస్తూనే పెరిగినాం. ఆ పేరు చూసి పక్క ఊరాయన నేనూ కట్టిస్తా అని ముందుకొచ్చినాడు. నేను కళ్ళారా చూసిన సంగతి.

ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో ఆకలిగొన్న జనానికి అన్నం పెట్టినాడు. ఆయన మీద జనం పాట కట్టినారు, ఇప్పటికీ పాడతారు. ఆ పాట వల్ల ఆయన దానం చిన్నదైపోలేదు. ఆ పాట విన్న పిల్లోడికి, కరువొస్తే ఉన్నోడు ఏం చెయ్యాలో తెలిసింది.

అనంతపురం అమ్మాయి వ్యాపారం చెయ్యడం లేదు, సాయం చేస్తానంటోంది. చేయనీ తల్లీ.

బురుజు పక్క ఇల్లు (కర్నూలు)
5 మే 2025, ఉదయం 8:02

పెద్దాయనా, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ ఫ్యాను మీద పేరు రాయించుకున్నాయన ఫ్యాను ఇచ్చినాడు. వెంగళరెడ్డి గాదెలు ఖాళీ చేసినాడు. తల మీద నీళ్ళు పోసుకున్నాయన ఏమిచ్చినాడు? నా ప్రశ్న పేరు గురించి కాదు.

సాయినగర్ అమ్మ (అనంతపురం)
5 మే 2025, ఉదయం 8:45

అన్నా, ఇది సరైన ప్రశ్న. పోసుకున్న ప్రతివాళ్ళూ ఇవ్వలేదు. ఫేస్‌బుక్‌లో 1.7 కోట్ల వీడియోలు వచ్చాయి, అందులో ఊరికే చేసిన వాళ్ళు బోలెడంత మంది ఉంటారు. చాలామంది రెండూ చేశారు, నీళ్ళూ పోసుకున్నారు, డబ్బూ కట్టారు. నేను చూస్తున్నది ఒక్కటే. ఇవ్వని వాళ్ళు ఛాలెంజ్ లేకపోయినా ఇచ్చేవాళ్ళు కాదు. ఇచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి అది లేకపోతే ఆ జబ్బు పేరే తెలిసేది కాదు. అంతకుముందు ఏడాది వచ్చిన మొత్తంతో పోల్చి చూస్తే నాకు వేరే అర్థం తోచలేదు.

మా ఇంటివరకు మీ ప్రశ్నే నియమం చేశాను. డబ్బు ముందు, వీడియో తర్వాత.

నంద్యాల బ్యాంకు ఉద్యోగి
5 మే 2025, మధ్యాహ్నం 1:30

ఆ నియమం చాలా మంచిది మేడం. దానితోపాటు ఇంకో మాట. ఏ ట్రెండు వైరల్ అయినా దాని వెనకాలే దొంగ క్యూఆర్ కోడ్‌లు వస్తాయి. మా బ్రాంచికి ఇలాంటి ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. పసిబిడ్డ ఫోటో, ఆపరేషన్ అని రెండు లైన్లు, కింద ఎవరిదో సొంత ఫోన్ నంబరు. స్కాన్ చేయగానే తెరమీద వచ్చే పేరు చదవమని పిల్లలకు చెప్పండి. సంస్థ పేరు కాకుండా మనిషి పేరు వస్తే అక్కడే ఆగాలి. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ నంబరు ఎప్పుడూ అవసరం లేదు. అడిగారంటే మోసమే.

మన దేశంలో రిజిస్టర్ అయిన సంస్థకు ఇస్తే రసీదు అడగండి. 80జీ (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) గుర్తింపు ఉన్న సంస్థ అయితే ఆర్థిక సంవత్సరం ముగిశాక ఫారం 10బీఈ అనే విరాళం సర్టిఫికెట్ ఇస్తుంది. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే 80జీ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్న వాళ్ళకు అసలే లేదు. విదేశీ సంస్థకు మనం ఇక్కడి నుంచి పంపితే 80జీ వర్తించదు. పన్ను కోసం దానం చెయ్యమని కాదు, ఆ కాగితం అడిగితే సంస్థ ఎలాంటిదో తెలుస్తుంది.

న్యూరో వార్డు (కర్నూలు)
5 మే 2025, రాత్రి 11:15

డ్యూటీ అయ్యాక చదివాను. నేను న్యూరాలజీలో ఉన్నాను కాబట్టి జబ్బు గురించి రెండు మాటలు.

ఏఎల్‌ఎస్ అనేది మోటార్ న్యూరాన్ జబ్బుల్లో ఎక్కువగా కనబడే రకం. కండరాలకు ఆజ్ఞలు పంపే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చెయ్యి, కాలు, మాట, మింగడం, చివరకు ఊపిరి. ఎక్కువమందికి లక్షణాలు మొదలయ్యాక రెండు నుంచి ఐదేళ్ళు. స్టీఫెన్ హాకింగ్‌కు 21 ఏళ్ళ వయసులో, 1963లో తేలితే 2018 దాకా బతికారు, అలాంటివి చాలా అరుదు. రిలుజోల్ అనే మందు 1995 నుంచి ఉంది, అది కొన్ని నెలలు పొడిగించగలదు, నయం చెయ్యదు.

ఇది అమెరికా జబ్బు కాదు. దక్షిణాదిలో కనబడే ఒక ప్రత్యేక రకానికి 'మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్' అనే పేరుంది. 1970లో మద్రాసు డాక్టర్లు దాని గురించి మొదట రాశారు. తమిళనాడు, కర్ణాటకతో పాటు ఆంధ్రలోనూ కేసులు కనిపించాయి. చిన్న వయసులో మొదలవుతుంది, చెవుడు వస్తుంది, ముఖం, గొంతు కండరాలు బలహీనపడతాయి, ఏఎల్‌ఎస్ కంటే నెమ్మదిగా ముదురుతుంది. మన వీధుల్లో ఉన్న జబ్బు గురించి మన పిల్లలు అమెరికా వీడియో చూసి తెలుసుకుంటే అందులో చిన్నతనమేమీ లేదు.

బురుజు పక్క ఇల్లు (కర్నూలు)
6 మే 2025, ఉదయం 7:20

డాక్టర్ గారూ, మీరే ఉన్నారు కాబట్టి అడుగుతాను. ఆ డబ్బుతో వచ్చిన మందు పనిచెయ్యలేదని చదివాను. నిజమా కాదా? అదే నిజమైతే 11.5 కోట్ల డాలర్లు బూడిదలో పోసిన పన్నీరు కాదా?

న్యూరో వార్డు (కర్నూలు)
6 మే 2025, రాత్రి 10:50

నిజమే, దాచాల్సిన పని లేదు. ఛాలెంజ్ డబ్బులో 22 లక్షల డాలర్లు అమైలిక్స్ కంపెనీ మందు పరీక్షలకు వెళ్ళాయి. రెలివ్రియో పేరుతో 2022 సెప్టెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2024 మార్చిలో పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది, మందు పనిచెయ్యలేదు. ఏప్రిల్‌లో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

దీన్ని నేను వృథా అనను. పనిచెయ్యని మందు అని తేలడం వల్ల రోగి తన ఆస్తి అమ్మి దాన్ని కొనకుండా ఆగుతాడు. మన దగ్గర ఏ పరీక్షా లేని పసరులకు లక్షలు పోసిన వాళ్ళను నేను వారం వారం చూస్తున్నాను. ఎవరూ డబ్బు పెట్టి పరీక్షించకపోతే ఏది పనిచేస్తుందో, ఏది చెయ్యదో ఎప్పటికీ తెలియదు.

2023 ఏప్రిల్‌లో టోఫెర్సెన్ అనే ఇంకో మందుకు అనుమతి వచ్చింది. ఎస్‌ఓడీ-1 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్ళకే అది, అంటే నూటికి ఇద్దరు రోగులకు. కొద్దిమందే. కానీ ఈ జబ్బులో ఒక మూలకారణాన్ని పట్టుకుని ఇచ్చే మందు అంతకుముందు లేదు.

తాడిపత్రి పాలిష్ బండలు
7 మే 2025, తెల్లవారుజాము 5:05

నేను ఇక్కడ చదవడమే గాని రాసింది తక్కువ. ఇది మా ఇంటి సంగతి కాబట్టి రాస్తున్నా.

మా నాయనకు నాపరాళ్ళ పాలిష్ మిషన్లు ఉండేవి. 2013లో ఎడమ చేతితో చొక్కా గుండీ పెట్టుకోలేకపోయినాడు. మెడ నరం అన్నారు, స్కాన్ తీసినారు, పట్టీ వేసినారు. తర్వాత మాట ముద్దగా రావడం మొదలైంది. మా నాయన జన్మలో మందు ముట్టని మనిషి. పొద్దున్నే తాగి కూర్చున్నాడని కూలీలు అనుకున్నారు. బ్యాంకులో సంతకం పెట్టడానికి పోతే అక్కడి ఉద్యోగి వాసన చూసినట్టు ముందుకు వంగి చూసినాడు. ఆ రోజు నుంచి మా నాయన బజారుకు పోవడం మానేసినాడు. ఆఖరికి బెంగళూరు నిమ్హాన్స్‌కు తీసుకుపోతే అక్కడ తేల్చి చెప్పినారు.

2014 ఆగస్టులో ఈ బకెట్ వీడియోలు టీవీల్లో వచ్చినప్పుడు నాకు మొదట ఒళ్ళు మండింది. మా ఇంట్లో మనిషి చెయ్యి ఎత్తలేకుంటే వీళ్ళు నవ్వుతూ నీళ్ళు పోసుకుంటున్నారే అని. సాయినగర్ అక్కకు ఉన్న కోపం కంటే పెద్ద కోపం. పది రోజులకు మా వీధి చివర టీ అంగడి ఆయన ఇంటికొచ్చి, "మీ నాయనకు ఉండేది టీవీలో చూపిస్తున్నారే అదేనా?" అని అడిగినాడు. అవునన్నాను. ఆయన లోపలికిపోయి మంచం పక్కన కూర్చుని మా నాయనతోనే మాట్లాడినాడు, నాతో కాదు. అప్పటిదాకా వచ్చిన వాళ్ళంతా ఆయన ముందరే "గుర్తుపడతాడా?" అని నన్ను అడిగేవాళ్ళు. ఆ జబ్బులో చాలామందికి బుర్ర బాగానే పనిచేస్తుందని, అన్నీ వింటారని ఆ వీడియోల వల్లే ఊళ్ళో తెలిసింది. తాగుడు మాట ఆ నెలతో ఆగిపోయింది.

నాయన 2016లో పోయినాడు. అమెరికా డబ్బులో ఒక్క డాలరు మాకు రాలేదు, రావాలని కూడా అనుకోలేదు. కానీ మా నాయన ఆఖరి రెండేళ్ళు మర్యాదగా గడిపినాడు. కర్నూలు అన్నా, మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. నవ్వుతూ నీళ్ళు పోసుకున్న వాళ్ళ మీద నాకిప్పుడు ఏ కోపమూ లేదు.

బురుజు పక్క ఇల్లు (కర్నూలు)
7 మే 2025, ఉదయం 9:12

తమ్ముడూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ నాయన గారికి నమస్కారం. జబ్బు పేరు ఊరికి తెలియడం వల్ల ఇంటికి ఇంత మేలు జరుగుతుందని నేను ఈ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. పిల్లలకు గడువు పెట్టి ఒత్తిడి చేయడం తప్పు అన్న దగ్గర మాత్రం నేను నిలబడే ఉన్నాను.

చిన్నచౌక్ నాన్న (కడప)
7 మే 2025, సాయంత్రం 6:40

ఇంతకీ ఈ ఏడాది తిరుగుతున్నది ఏఎల్‌ఎస్ కోసం కాదు, అది ఎవరూ రాయలేదని చెప్తున్నా. దక్షిణ కరోలినా యూనివర్సిటీ విద్యార్థులు మానసిక ఆరోగ్యం కోసం మొదలుపెట్టారు. 500 డాలర్లు వస్తే చాలనుకున్నారట, లక్షల డాలర్లు వచ్చాయి. యాక్టివ్ మైండ్స్ అనే సంస్థకు ఇస్తున్నారు. ఏఎల్‌ఎస్ అసోసియేషన్ కూడా మాకు సంతోషమే అంది.

మా వాడు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చి ఈ వీడియోలు చూపించాడు. చన్నీళ్ళు పోసుకుంటే మనసు బాగవుతుందా అని అడుగుదామనుకుని, ఎందుకో ఆగి, "మీ హాస్టల్లో ఎవరికన్నా దిగులుగా ఉంటుందా?" అని అడిగాను. వాడు గంటసేపు మాట్లాడాడు. వారం వారం ర్యాంకుల లిస్టు గోడకు అంటించడం, రూమ్మేటు రాత్రిళ్ళు నిద్రపోకపోవడం, ఇంటికి ఫోన్ చేస్తే ఏడుపొస్తుందని చెయ్యకపోవడం. రెండేళ్ళుగా ఫోన్లో మా ఇద్దరి మధ్య నడిచింది "తిన్నావా, మార్కులెన్ని" మాత్రమే. మన సీమ జిల్లాల్లో హాస్టళ్ళలో ఎంతమంది పిల్లలున్నారో తల్చుకోండి. వాళ్ళ చేత ఈ మాట పలికించగలిగితే అది ఎక్కడి ట్రెండయితే నాకేం?

టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ఫీజు లేదు, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మావాడి ఫోన్లో వేయించాను, వాడి రూమ్మేటుకు కూడా పంపాడు. వీడియో కింద ఈ నంబరు రాయమని పిల్లలకు చెప్పండి, ఐసు కంటే అది ముఖ్యం.

నంద్యాల బ్యాంకు ఉద్యోగి
7 మే 2025, రాత్రి 8:15

చిన్నచౌక్ అన్నా, ఈ నంబరు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను.

జాగ్రత్త కోసం ఇంకొకటి. 2014లో అమెరికాలోని కెంటకీలో ఫైరింజన్ నిచ్చెన మీద నుంచి విద్యార్థుల మీద నీళ్ళు పోసి దిగుతుండగా కరెంటు తీగ దగ్గరైంది, గాయపడిన వాళ్ళలో ఒక ఫైర్‌మన్ తర్వాత చనిపోయాడు. మన డాబాల పక్కనే తీగలుంటాయి. మేడ మీద నుంచి పోయనివ్వకండి. గుండె జబ్బున్న వాళ్ళు, పసిపిల్లలు దీనికి దూరం. ఐసు గడ్డలతో అసలే వద్దు.

సాయినగర్ అమ్మ (అనంతపురం)
8 మే 2025, రాత్రి 9:05

అందరివీ మా అమ్మాయితో కలిసి చదివాను. తాడిపత్రి తమ్ముడు రాసింది చదివాక అది, "అమ్మా, మన వీడియోలో ముందు ఆ జబ్బు ఏంటో చెప్తాను, తర్వాతే మిగతాది" అంది. చిన్నచౌక్ అన్న రాసింది నేను రెండుసార్లు చదివాను. నా క్లాసులో పదో తరగతి పిల్లలున్నారు, జూన్‌లో బడి తెరిచాక ఆ నంబరు నోటీసు బోర్డు మీద పెడతాను.

మేము అనుకున్నది చెప్తాను. నీళ్ళు ఉండవు. 2014లోనే హైదరాబాద్‌లో జర్నలిస్టు మంజులత కళానిధి 'రైస్ బకెట్ ఛాలెంజ్' మొదలుపెట్టారు, ఐసు నీళ్ళకు బదులు బకెట్ బియ్యం ఆకలిగా ఉన్నవాళ్ళకు ఇవ్వడం. మా ఇంటికి అది సరిపోతుంది. పెద్దాసుపత్రి బయట రోగుల వెంట వచ్చిన వాళ్ళకు వండి పెట్టే వాళ్ళు మాకు తెలుసు, బియ్యం వాళ్ళకు ఇస్తాం. తన పాకెట్ మనీలోంచి కొంత మానసిక ఆరోగ్యం మీద పనిచేసే సంస్థకు కడతానంది, రసీదు, పేరు నేను చూస్తాను. వీడియోలో ఎవరి పేరూ పిలవదు, "చెయ్యాలనిపించిన వాళ్ళు మీకు కుదిరినప్పుడు చెయ్యండి" అంటుంది. 24 గంటలు ఎప్పుడో దాటిపోయాయని డల్లాస్‌లోని మా అక్క కూతురికి తనే ఫోన్ చేసి చెప్పింది.

అనంతపురంలో ఉండి బయటివాళ్ళ దానాన్ని నేను ఇంత చిన్నచూపు చూడటం ఏమిటని కూడా ఆలోచించాను. విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో ఇక్కడ ఆర్డీటీ అనే సేవా సంస్థ పెట్టారు. ఎక్కడో స్పెయిన్‌లో ఒక కుటుంబం, ముఖం కూడా తెలియని మన పల్లె పిల్ల ఫోటో చూసి నెల నెలా డబ్బు పంపితే ఇక్కడ బడులు, ఇళ్ళు, బత్తలపల్లి ఆసుపత్రి వచ్చాయి. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఆ సాయంతో డిగ్రీ దాకా పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మన గురించి తెలుసుకున్నది కూడా ఎవరో చెప్తేనే, చూపిస్తేనే.

ప్రొద్దుటూరు చెల్లెలు
8 మే 2025, రాత్రి 11:30

అందరూ మాట్లాడుకుంటున్న చోట నా సొంత విషయం అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా మేనత్తకు పోయిన సంక్రాంతి తర్వాత ఇదే జబ్బని తేలింది. ఇప్పుడు మాట పూర్తిగా పోయింది, చేతులు లేవడం లేదు. కళ్ళు బాగా కదుల్తాయి. తనకేం కావాలో మాకు తెలియక రోజూ అందరం ఏడుస్తున్నాం. తాడిపత్రి అన్నా, మీ నాయన గారితో మీరు ఎలా మాట్లాడేవాళ్ళు? రాత్రిళ్ళు పడుకుంటే ఆయాసం అంటోంది (సైగతో), ఏదో మిషన్ కొనమంటున్నారు.

న్యూరో వార్డు (కర్నూలు)
9 మే 2025, ఉదయం 6:30

అమ్మా, పడుకుంటే ఆయాసం వస్తోందంటే ఆలస్యం చెయ్యకండి. ఊపిరి పరీక్ష చేయించండి, ఈ వారంలోనే, వీలైతే రేపే. వాళ్ళు చెప్పింది బైపాప్ మిషన్ అయి ఉంటుంది, మాస్కు ద్వారా ఊపిరికి గాలి అందించేది. డాక్టర్ చూసి ఒత్తిడి ఎంత పెట్టాలో రాసివ్వకుండా కొనొద్దు. మొదట కొన్నాళ్ళు అద్దెకు తీసుకుని చూడటం మంచిది. మాస్కు ముఖానికి సరిపోవాలి, లేకపోతే గాలి కారిపోతుంది. నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతోందా? అయితే ఆ సంగతీ చెప్పండి, పొట్టలోకి గొట్టం వేసే నిర్ణయం ఒంట్లో బలం ఉండగానే తీసుకోవాలి. ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నారో నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

తాడిపత్రి పాలిష్ బండలు
9 మే 2025, ఉదయం 7:15

చెల్లెమ్మా, నిన్న రాత్రే చూసి ఉంటే అప్పుడే రాసేవాణ్ణి.

మేము మొదట అట్ట మీద అక్షరాలన్నీ రాసినాం. గుణింతాలు, ఒత్తులతో ఒక మాట చూపించేసరికి నాయన అలిసిపోయేవాడు. అది పక్కన పడేసి రోజూ అవసరమయ్యే మాటలే రాసినాం. నీళ్ళు, నొప్పి, పక్కకు తిప్పు, దోమలు, దిండు, ఫ్యాను, లైటు ఆపు, గొంతులో గళ్ళ, ఒకరు పక్కన ఉండండి. నాలుగు వరసలు. వరస నంబరు మనం పైకి చదవాలి, సరైన వరస రాగానే కళ్ళు పైకెత్తుతారు. తర్వాత ఆ వరసలో మాటలు ఒక్కొక్కటే చదవాలి. అవును అంటే పైకి, కాదంటే కళ్ళు మూయడం. ఈ రెండూ మీ అత్తతో ముందే ఖాయం చేసుకోండి. ఏ మాటలు ఉండాలో కూడా ఆమెనే అడగండి, మనకు తోచినవి కాదు. మా నాయన "మనవరాలు" అనే మాట పెట్టించుకున్నాడు, మాకు తట్టలేదు.

చార్టు మా చెల్లెలి దగ్గర ఉంది, మధ్యాహ్నానికి ఫోటో పెడతాను. ఆదివారం బండల లోడుతో ప్రొద్దుటూరు వస్తున్నా, మీ వీధి పేరు విడిగా మెసేజ్ పెట్టండి. నాయన మెడకు ఆసరాగా పెట్టే దిండు ఒకటి బాగానే ఉంది, తెచ్చిస్తాను.